టెండరు అయ్యాక మారే షరతు: కాంట్రాక్టుల్లో ఆడిటర్ ఏం చూస్తాడు, ఎక్కడ ఆగిపోతాడు

2024 ఫిబ్రవరి 15న తెలంగాణ శాసనసభలో కాళేశ్వరం ఎత్తిపోతలపై కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికను ప్రవేశపెట్టారు. కేంద్ర జలసంఘానికి చెప్పిన ఖర్చు 81,911 కోట్లు. అది 1,47,427 కోట్లు దాటిపోయేలా ఉందని నివేదిక చెప్పింది. రూపాయి పెడితే రూపాయిన్నర ఫలితం అని చూపించిన ప్రాజెక్టు, ఆడిటర్లు తిరిగి లెక్కగడితే 52 పైసల దగ్గర ఆగింది. అప్పటికి ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగి నాలుగు నెలలు కావస్తోంది. ఎన్నికలు ముగిశాయి, ప్రభుత్వమూ మారింది. టీవీ చర్చల్లోనూ టీకొట్టు దగ్గరా ఒకటే ప్రశ్న: పనులు జరుగుతున్నన్నాళ్లూ ఈ ఆడిటర్లు ఎక్కడున్నారు?

ప్రశ్నలో న్యాయముంది, కొంత అపార్థమూ ఉంది. టెండరు పెట్టె పక్కన కాపలా కాసే ఉద్యోగం కాదది. అగ్రిమెంటు కుదిరి, పని మొదలై, బిల్లులు చెల్లించాక ఆడిటర్ వస్తాడు. బిల్లు ఆపే అధికారం అతనికి లేదు. మన రెండు రాష్ట్రాల్లో సాగునీటి, రోడ్ల పనుల బిల్లులు పాస్ చేసేది పే అండ్ అకౌంట్స్ ఆఫీసు. అది రాష్ట్ర ఆర్థిక శాఖ కింద ఉంటుంది. ఎస్టిమేటుకు సాంకేతిక మంజూరు ఇచ్చేది ఇంజినీరు, పరిపాలనా ఆమోదం ఇచ్చేది ప్రభుత్వం, టెండరు ఖరారు చేసేది కమిటీ. పనిని ఆపగలిగినవాళ్లంతా ప్రభుత్వంలోనే ఉంటారు. ఆపలేని ఒక్కడు బయట నిలబడి, తర్వాత వచ్చి కాగితాలు అడుగుతాడు. ఈ ఏర్పాటు తెలివైనదా, తెలివితక్కువదా అన్నది ఆ కాగితాల్లో అతనికి ఏం కనపడుతుందన్నదాన్ని బట్టి చెప్పాలి.

రాజ్యాంగంలో 148 నుంచి 151 దాకా అధికరణలు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గురించే. పదవీకాలం ఆరేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత తతంగం ఉండాలి. దిగిపోయాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ మరో ప్రభుత్వ పదవి పనికిరాదు. 1949 మే 30న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ అధికారిని బహుశా రాజ్యాంగంలోకెల్లా ముఖ్యుడని అన్నారు. నియామకం మాత్రం ఇప్పటికీ కార్యనిర్వాహక వర్గం చేతిలోనే ఉంది. పరీక్షకు కూర్చోబోయేవాడే పేపరు దిద్దేవాణ్ణి ఎంచుకుంటున్నాడన్న విమర్శ ఈనాటిది కాదు. 2024 నవంబరు నుంచి ఆ కుర్చీలో ఉన్న కె. సంజయ్ మూర్తి అమలాపురం మాజీ ఎంపీ కె.ఎస్.ఆర్. మూర్తి కుమారుడు. కోనసీమలో దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. ఫైళ్లకు మాత్రం ఊరూ పేరూ అక్కర్లేదు.

ఇక డివిజన్ ఆఫీసుకు వెళ్దాం. ఆడిట్ అంటే ఢిల్లీలో అచ్చయ్యే లావు పుస్తకమని అనుకుంటాం గానీ, అసలు పని జరిగేది ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు కార్యాలయంలో ఓ మూల గదిలో. అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుంచి ఇద్దరు ముగ్గురి బృందం వచ్చి ఫైళ్లు అడుగుతుంది: ఎస్టిమేటు, మంజూరు ఉత్తర్వులు, టెండరు నోటీసు, బిడ్ల మదింపు, అగ్రిమెంటు, ఎం-బుక్కులు (పని కొలతలు రాసే పుస్తకాలు), బిల్లులు, గడువు పొడిగింపు ఉత్తరాలు, బ్యాంకు గ్యారంటీల రిజిస్టరు. తేడా కనిపించిన చోట సగం పేజీ ఖాళీ వదిలి ప్రశ్న రాసి ఇస్తారు. ఆఫీసుల్లో దాన్ని హాఫ్ మార్జిన్ అంటారు. ఆ ఖాళీ సగంలో ఇంజినీరు జవాబు రాయాలి. జవాబు తృప్తిగా ఉంటే ప్రశ్న అక్కడే చస్తుంది. లేకపోతే తనిఖీ నివేదికలో పేరా అవుతుంది. నాలుగు వారాల్లో జవాబు ఇవ్వాలి. విషయం బరువైనదైతే డ్రాఫ్ట్ పేరాగా శాఖ కార్యదర్శికి వెళ్తుంది, ఆయనకు ఆరు వారాలు. ఆ తర్వాత ఇరువైపుల అధికారులూ కూర్చుని మాట్లాడుకునే ఎగ్జిట్ కాన్ఫరెన్స్ ఉంటుంది. ఇన్ని జల్లెడలు దాటినదే సభ ముందుకొచ్చే పుస్తకంలో అచ్చవుతుంది.

కాబట్టి నివేదిక వచ్చిన రోజున మంత్రి గారు 'మమ్మల్ని అడగకుండానే రాశారు' అంటే కొంచెం అనుమానించవచ్చు. అడగకుండా రాసే వీలు చాలా తక్కువ. జవాబు ఇవ్వకుండా ఊరుకునే వీలు చాలా ఎక్కువ. నివేదికల్లో 'ప్రభుత్వం నుంచి సమాధానం అందలేదు' అన్న వాక్యం ఎన్నిసార్లు కనిపిస్తుందో చూస్తే తెలుస్తుంది. పేరా డ్రాప్ చేయించుకోవడం ఇంజినీరింగ్ శాఖల్లో ఓ ప్రత్యేక విద్య. రిటైరయ్యే ముందు తన పేరు మీద పేరాలు మిగలకూడదని పరిగెత్తే ఈఈలను ఏ జిల్లాలోనైనా చూడొచ్చు. పెన్షన్‌కు అడ్డం పడుతుందన్న ఆ చిన్న భయం, చాలా పెద్ద చట్టాల కన్నా బాగా పనిచేస్తుందని నా అనుమానం.

రెండు కాగితాల మధ్య తేడా

కాంట్రాక్టుల ఆడిట్‌లో అడిగే ప్రశ్నలు వందలుంటాయి. వాటన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే: టెండరు వేసేటప్పుడు అందరికీ చెప్పిన షరతు ఏమిటి, పని దక్కాక ఒక్కడికి ఇచ్చింది ఏమిటి?

కాంట్రాక్టులో అవినీతి అనగానే టెండరు రోజునే మన కళ్లు ఆగిపోతాయి. ఎవరెవరు కూడబలుక్కున్నారు, ఎవరిని బెదిరించి వేయనివ్వలేదు, ఎవరికి సరిపోయేలా అర్హత నిబంధన రాశారు. ఇవన్నీ నిజమే. అయితే టెండరు పదిమంది చూస్తుండగా జరుగుతుంది, ఓడినవాడు కోర్టుకు వెళ్తాడు. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక చూసేవాడు ఉండడు. అప్పుడు ఓ ఉత్తరం, ఓ కమిటీ సిఫారసు, ఓ జి.ఓ. చాలు. తక్కువకు కోట్ చేసి పని దక్కించుకున్నవాడు, ఆ తక్కువను నాలుగు దారుల్లో తిరిగి రాబట్టుకుంటాడు.

సాగునీటి పనుల్లో ఇది ఎలా జరిగిందో చూద్దాం. ఇల్లు కట్టించిన ఎవరికైనా తెలుసు, మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన కూలి ఇవ్వడం వేరు, మొత్తం ఇంటిని గుత్తకు ఇవ్వడం వేరు. గుత్తకు తీసుకున్నవాడు పునాదిలో రాయి తగిలినా, సిమెంటు ధర పెరిగినా తనే భరించాలి. అందుకే ముందే కొంత ఎక్కువ అడుగుతాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 తర్వాత జలయజ్ఞం అనే సాగునీటి కార్యక్రమం కింద చేపట్టిన 86 ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఈ గుత్త పద్ధతిలోనే, అంటే ఈపీసీ పద్ధతిలో ఇచ్చారు. సర్వే, డిజైను, సామగ్రి, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే. ప్రభుత్వం తన లెక్కకోసం ఇంటర్నల్ బెంచ్‌మార్క్ అని ఓ విలువ పెట్టుకుంటుంది. సర్వే కూడా కాంట్రాక్టరే చేయాల్సిన చోట ఆ విలువకు ఆధారం ఏమిటన్నది మొదటి ప్రశ్న. ఎంత మట్టి తవ్వాలో తెలియకుండా ఎంతకు తవ్వాలో నిర్ణయించడం అన్నమాట.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. గుత్తలో పరిమాణం పెరిగితే కాంట్రాక్టరు భరించాలి, తగ్గితే లాభం అతనిదే. ఈ నియమం రెండు వైపులా సమంగా నడిస్తే గొడవ లేదు. తగ్గినప్పుడు 'ఇది గుత్త పని, రికవరీ కుదరదు' అనీ, పెరిగినప్పుడు 'ఇది అదనపు పని, సప్లిమెంటల్ అగ్రిమెంటు కావాలి' అనీ ఒకే ఆఫీసు రాస్తే ఆడిటర్ పెన్ను తీస్తాడు. జలయజ్ఞంపై కాగ్ ఇచ్చిన సమీక్షలో ఈ పద్ధతిలోని లోపాలు, అటవీ, పర్యావరణ అనుమతులూ భూమీ చేతికి రాకముందే పనులు అప్పగించిన తీరు విస్తారంగా ఉన్నాయి. అనుమతి లేని చోట పని ఆగుతుంది, ఆగిన పనికి గడువు పొడిగిస్తారు, పొడిగించాక ధరలు పెరిగాయంటారు. గొలుసు అలా కదులుతుంది.

ధరల సర్దుబాటు సంగతి చూడండి. స్థిర ధరకు ఒప్పుకున్న పాత ఈపీసీ పనులకు 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 22 ద్వారా పెరిగిన ధరలు చెల్లించేందుకు దారి తీసింది. ప్రభుత్వ వాదన కొట్టిపారేయదగినది కాదు: భూసేకరణ ఆలస్యం మా వల్ల జరిగింది, పాత ధరకు ఎవరూ చేయరు, రద్దు చేసి మళ్లీ టెండరు పిలిస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఆడిటర్ మరోవైపు నుంచి చూస్తాడు. ధర పెంచుతారని ఆనాడే తెలిసి ఉంటే ఓడిపోయిన కంపెనీలు ఇంకా తక్కువకు వేసేవి కదా? గెలిచినవాడు రిస్కు పేరుతో ముందే కలుపుకున్న మొత్తానికి తోడు ఇప్పుడు ఆ రిస్కునే ప్రభుత్వం మోస్తే, ఒకే దానికి రెండుసార్లు చెల్లించినట్టు కాదా? నాకైతే ఈ ప్రశ్న ముందు ప్రభుత్వ జవాబు తేలిపోతుందనిపిస్తుంది. ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో పనివారీగా తేల్చి చెల్లించడం ఒకటి, అందరికీ కలిపి ఓ జి.ఓ. ఇవ్వడం ఇంకొకటి.

మిగతా దారులు చిన్నవే, చిన్నవి కాబట్టే ఎవరి కంటా పడవు. యంత్రాలు, కూలీల కోసం మొబిలైజేషన్ అడ్వాన్సు ఇస్తారు. బిల్లుల్లోంచి దాన్ని వెనక్కి రాబట్టడం ఆలస్యమైతే ప్రభుత్వ సొమ్ముతో కాంట్రాక్టరు వేరే వ్యాపారం నడుపుకున్నట్టే. బ్యాంకు గ్యారంటీ గడువు ముగిసినా ఎవరూ పునరుద్ధరించరు. పని వదిలేసి పోయాక చూస్తే చేతిలో చెల్లని కాగితం ఉంటుంది. రాయి, మట్టి ఎంత దూరం నుంచి తెచ్చారన్నది లీడ్ లెక్క. పది కిలోమీటర్ల క్వారీని నలభై కిలోమీటర్లుగా చూపిస్తే ఒక్క రోడ్డు పనిలోనే లక్షలు. నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా ఇవ్వడానికి వీలుగా ఒక పనిని ముక్కలు చేయడం పంచాయతీ స్థాయిలో అందరికీ తెలిసిన కథ.

ఇవన్నీ ఆఫీసు గదిలో కూర్చుని కాగితాలు పోల్చి పట్టుకోగలిగినవే. బిహార్ దాణా కుంభకోణంలో పశువులను మోసుకెళ్లిన లారీలంటూ బిల్లుల్లో రాసిన నంబర్లలో కొన్ని స్కూటర్లవని తేలింది. బిల్లులోని నంబరును రవాణా శాఖ రిజిస్టరుతో పోల్చడం, అంతే. ఛత్తీస్‌గఢ్‌లో టెండర్లు ఆన్‌లైన్‌కు మారాక ఆడిటర్లు కంప్యూటర్ల గుర్తింపు సంఖ్యలు తీసి పోల్చారు. 4,601 కోట్ల విలువైన 1,921 టెండర్లలో, అధికారులు టెండరు పెట్టిన కంప్యూటర్ల నుంచే బిడ్డర్లూ బిడ్లు వేసినట్టు తేలింది. అలాంటివి 74 కంప్యూటర్లు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ వస్తే రింగులు (కాంట్రాక్టర్ల కూడబలుకుళ్లు) పోతాయని 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపించింది. రింగులు పోలేదు, గది మారింది. ఈసారి మాత్రం గుర్తు మిగిలింది.

మోటార్ల ధర

మళ్లీ కాళేశ్వరం. ఆ నివేదికలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది లక్షన్నర కోట్ల అంకె కాదు, పంపులూ మోటార్ల లెక్క. ఎత్తిపోతల ప్యాకేజీల్లో యంత్ర సామగ్రికి శాఖ వేసిన అంచనా విలువ ఒకటి. అదే సామగ్రిని కాంట్రాక్టు సంస్థలకు ప్రభుత్వ రంగంలోని బీహెచ్‌ఈఎల్ అమ్మిన ధర ఇంకొకటి. ఆడిటర్లు రెండూ పక్కపక్కన పెట్టారు. నాలుగు పనుల్లోనే కాంట్రాక్టర్లకు కనీసం 2,684 కోట్ల అనుచిత లబ్ధి కలిగి ఉండొచ్చని రాశారు. మార్కెట్లో ధర తెలుసుకోకుండా అంచనా వేస్తే, ఆ అంచనా మీద ఎంత 'లెస్'కు (తక్కువకు) టెండరు వేసినా ఖజానాకు మిగిలేదేమీ ఉండదు. పత్రికల్లో వచ్చేది టెండరు శాతం. అసలు కథ ఎస్టిమేటులో ఉంటుంది.

కరెంటు ఖర్చూ అంతే. ప్రాజెక్టు పూర్తి స్థాయిలో నడిస్తే ఏటా విద్యుత్తుకే 10,374 కోట్లు కావాలని నివేదిక లెక్కేసింది. ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా లేదా అన్న నిష్పత్తి 1.51 నుంచి 0.52కు పడిపోవడానికి ఇలాంటి ఏటేటా ఖర్చులను తక్కువగానూ, రాబడిని ఎక్కువగానూ చూపించడం ఒక ముఖ్య కారణం. అప్పు సంగతి ఇంకో మెలిక. ప్రాజెక్టు కోసం పెట్టిన కార్పొరేషన్ పేరు మీద 87 వేల కోట్లకు పైగా రుణ ఒప్పందాలు జరిగాయి. బడ్జెట్ పుస్తకంలో కనిపించని అప్పు, తీర్చాల్సింది మాత్రం బడ్జెట్ నుంచే.

మేడిగడ్డ పియర్లు కుంగుతాయని ఈ ఆడిట్ చెప్పగలిగేదా? లేదు. ఆడిటర్ చేతిలో ఫైలు ఉంటుంది, కాంక్రీటు శాంపిల్ ఉండదు. నిర్మాణ లోపాలు తేల్చడానికి జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ వచ్చింది. బాధ్యులెవరో తేల్చడానికి జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ వేశారు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి, కాగ్ చెప్పిందంటే బ్యారేజీ కూలడానికి కారణం దొరికినట్టేనని రాసిన వార్తలు చూశాను. డిజైన్ అనుమతి రాకముందే పనులు అప్పగించారని ఆడిటర్ చెప్పగలడు. ఆ తొందర వల్లే పియరు కుంగిందని చెప్పడం అతని పని కాదు.

అంకె చూసి బెదిరిపోవద్దు

ఆడిట్ అంకెలను చదవడంలో మనం చేసే పొరపాట్లకు ఢిల్లీ దగ్గరి ద్వారక ఎక్స్‌ప్రెస్‌వే మంచి ఉదాహరణ. 2023 ఆగస్టులో కేంద్ర రహదారుల కార్యక్రమం భారత్‌మాలపై వచ్చిన నివేదికలో, కిలోమీటరుకు 18.20 కోట్లు అని కేబినెట్ కమిటీ ఆమోదిస్తే 250.77 కోట్లకు చేరిందని ఉంది. ఆ రెండంకెలూ దేశమంతా తిరిగాయి. కిలోమీటరుకు 232 కోట్లు మింగేశారని పోస్టులు వచ్చాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ జవాబేమిటంటే, 18.20 కోట్లు వేల కిలోమీటర్ల కార్యక్రమానికి వేసిన సగటు. ఇది ఎనిమిది వరుసల ఎలివేటెడ్ దారి, సొరంగాలూ ఉన్నాయి. అసలు టెండర్లలో అంచనా కన్నా 12 శాతం తక్కువకే పనులు ఇచ్చాం. ఆ మేరకు శాఖ చెప్పింది సబబే. పల్లె రోడ్డుకూ ఫ్లైఓవరుకూ సగటు తీసి పోల్చలేం. కానీ ఆడిటర్ అసలు ప్రశ్న దొంగతనం గురించి కాదు. ఆమోదం ఓ లెక్క మీద తీసుకుని, కట్టింది దానికి పది రెట్లు దాటినదైతే, అంత ఖరీదైన డిజైన్ ఎందుకు ఎంచుకున్నారో సరైన సమర్థన రికార్డులో ఉండాలి కదా అన్నది ప్రశ్న. దానికి 12 శాతం జవాబు కాదు. ఆరోపణ చేసినవాళ్లూ, ఖండించినవాళ్లూ ఇద్దరూ ఆ ప్రశ్నను దాటేశారు.

2జీ కథ ఇంకా పెద్దది. 2010 నివేదికలో స్పెక్ట్రం కేటాయింపు నష్టానికి ఒక లెక్క లేదు, నాలుగున్నాయి. 57 వేల కోట్ల నుంచి లక్షా 76 వేల కోట్ల దాకా. ఏ ధరను కొలబద్దగా తీసుకుంటే ఎంత నష్టమో చెప్పే అంచనాలవి. జనం నోళ్లలో మిగిలింది పెద్దదొక్కటే. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. రెండూ చదివి కాగ్ గెలిచిందా ఓడిందా అని వాదించుకునేవాళ్లు ఒక తేడా మరిచిపోతున్నారు. పద్ధతి తప్పు అనడం ఒకటి, ఫలానా మనిషి నేరం చేశాడని సాక్ష్యంతో రుజువు చేయడం మరొకటి. మొదటిదే ఆడిటర్ పని. రెండోది దర్యాప్తు సంస్థది. ఆడిట్ పేరాలో 'అనుచిత లబ్ధి' అని ఉంటే లంచం ఇచ్చారని అర్థం కాదు, నిబంధన ప్రకారం రానిది ఒకరికి దక్కిందని మాత్రమే.

మరి లెక్కలు సరిచూసే పని మానేసి విధానాల జోలికెందుకు వెళ్తారన్న వాదన కూడా కోర్టుకెక్కింది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తూ, కాగ్ జమాఖర్చులు రాసే మునీమ్‌జీ కాదంది. ప్రజాధనాన్ని పొదుపుగా, ఫలితం వచ్చేలా ఖర్చు పెట్టారా అని అడగడం అతని అధికారంలో భాగమేనని తేల్చింది. 2014లో ఇంకో అడుగు పడింది: ఆదాయంలో వాటా చెల్లించే ప్రైవేటు టెలికాం కంపెనీల లెక్కలు కూడా చూడొచ్చని అదే కోర్టు చెప్పింది. పబ్లిక్ ప్రైవేట్ పార్టనర్‌షిప్ పేరుతో రోడ్లు, పోర్టులు, విమానాశ్రయాలు చేతులు మారుతున్న కాలంలో ఈ తీర్పు బరువు చిన్నది కాదు. అయినా రహస్యం అన్న మాట వచ్చిన చోట తలుపు సగమే తెరుచుకుంటుంది. 2019లో రఫేల్ యుద్ధ విమానాల నివేదికలో ధరల వివరాలు నల్లగా మూసేసి సభకు ఇచ్చారు. పాత ఆఫర్ కన్నా 2.86 శాతం చవక అన్న ముగింపు మాత్రం చదవనిచ్చారు.

తాళం లేని తలుపు

1971 నాటి చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం ఆడిటర్ ఏ ఆఫీసుకైనా వెళ్లి ఏ ఫైలైనా అడగొచ్చు. ఇవ్వకపోతే శిక్ష ఏమిటి? చట్టంలో లేదు. 'ఫైలు విజిలెన్స్ వాళ్ల దగ్గరుంది', 'సెక్షన్‌లో వెతుకుతున్నాం' అనే జవాబులతో ఓ ఆడిట్ సీజన్ గడిపేయవచ్చు. ఇవ్వలేదని నివేదికలో రాయడమే మిగులుతుంది.

నివేదిక పూర్తయ్యాక ఇంకో మెలిక. 151వ అధికరణ ప్రకారం కాగ్ దాన్ని రాష్ట్రపతికో గవర్నరుకో ఇస్తే, వాళ్లు సభ ముందు పెట్టిస్తారు. ఎన్ని రోజుల్లో అన్నది రాజ్యాంగం చెప్పలేదు. ఢిల్లీలో 14 నివేదికలు సభ ముఖం చూడకుండా ఉండిపోయాయి. 2025 జనవరిలో హైకోర్టు జాప్యాన్ని తప్పుపట్టింది. ఎన్నికలై ప్రభుత్వం మారాక ఫిబ్రవరి 25న మద్యం విధానంపై నివేదికతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. చాలా రాష్ట్రాల్లో సమావేశాల ఆఖరి రోజున, చర్చకు సమయం లేని గంటలో బల్ల మీద పెట్టడం ఆనవాయితీ. అధికారంలో ఎవరున్నా ఈ విద్యలో తేడా లేదు.

సభలో పెట్టాక అది ప్రజాపద్దుల సంఘానికి వెళ్తుంది. ఆడిట్‌కు నిజంగా కోరలుండేది అక్కడే. కార్యదర్శిని పిలిచి కూర్చోబెట్టి, పేరా పేరాకు జవాబు అడిగి, రికవరీకి సిఫారసు చేయగలిగేది ఈ సంఘమే. పార్లమెంటులో 1967 నుంచి దాని అధ్యక్ష స్థానం ప్రతిపక్షానికి ఇవ్వడం ఆచారం. మన దగ్గర ఆ ఆచారం ఏమైందో చూడండి. తెలంగాణలో 2024లో ఆ పదవి దక్కిన అరికెపూడి గాంధీ బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచినవారు. ఆయన కాంగ్రెస్‌లో చేరిపోయారని ఆయన సొంత పార్టీయే గొడవ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది, చాలినంత బలం లేని వైఎస్ఆర్సీపీ ఎన్నికను బహిష్కరించింది. కూటమి ప్రభుత్వంలో భాగమైన జనసేనకు చెందిన పులపర్తి రామాంజనేయులు అధ్యక్షులయ్యారు. నిబంధనల ప్రకారం రెండూ చెల్లుతాయి. కానీ ప్రభుత్వాన్ని ప్రశ్నించాల్సిన కుర్చీ ప్రభుత్వ పక్షానికి చేరువైతే, ఆడిటర్ ఏళ్లు శ్రమించి రాసిన పేరాను నిలదీసి అడిగేదెవరు?

ముందే పట్టుకోవాలన్న ప్రయత్నం అసలు జరగకపోలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వంద కోట్లు, ఆపైన విలువైన పనుల టెండరు పత్రాలను న్యాయమూర్తి ముందుగా పరిశీలించేలా జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక, పనులు ఆలస్యమవుతున్నాయంటూ దాన్ని రద్దు చేశారు. కంపెనీల మధ్య ధర తగ్గించే పోటీ పెట్టే రివర్స్ టెండరింగ్‌కూ అదే గతి పట్టింది. ప్రివ్యూ ఓ మంచి ఆలోచన, సగం మాత్రమే మంచిది. టెండరు పత్రం ఎంత శుభ్రంగా ఉన్నా, పైన చెప్పుకున్నట్టు అగ్రిమెంటు తర్వాత మారే షరతులను అది చూడదు. వాటికి ముందస్తు పరిశీలన కావాలంటే ఓ సులువైన మార్గముంది: ప్రతి సప్లిమెంటల్ అగ్రిమెంటునూ, ప్రతి గడువు పొడిగింపునూ అసలు టెండరు నోటీసు పెట్టిన వెబ్‌సైటులోనే, అదే నంబరు కింద పెట్టడం. ఓడిపోయిన కంపెనీ కూడా చూస్తుంది. ఆడిటర్ రెండేళ్ల తర్వాత అడగబోయే ప్రశ్నను ఆ కంపెనీ మర్నాడే అడుగుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సంస్థా అక్కర్లేదు. ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ దీన్ని ఉత్సాహంగా తలకెత్తుకోకపోవడంలో ఆశ్చర్యమూ లేదు.

అడుగున మాత్రం ఒక పద్ధతి పనిచేసింది. ఉపాధి హామీ పనులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలుపెట్టి, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటుచేసింది. హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్‌లో పేరున్న కూలీ ఇంటికే వెళ్లి నువ్వు ఈ పని చేశావా, ఎంత ముట్టిందని అడిగి, ఆ జవాబును మండల ప్రజావేదికలో అందరి ముందూ చదువుతారు. చెరువు పూడిక ఎన్ని ఘనపు మీటర్లు తీశారో ఎం-బుక్‌లో రాసింది ఒకటి, ఆ చెరువు గట్టు మీద రోజూ నడిచేవాడికి తెలిసింది ఒకటి. 2011లో కేంద్రం కాగ్‌తో సంప్రదించి ఈ తనిఖీలకు నియమాలు కూడా చేసింది. కూలి డబ్బుల లెక్క ఊరి ముందు చదివించే ఈ నియమం, అదే ఊరి పక్కనుంచి పోయే వేల కోట్ల కాలువ పనికి మాత్రం ఇంతవరకు వర్తించలేదు.